కంటికి ఆనని 9.3 మైక్రాన్ల వెలుగు

రేపల్లెలో మే నెల మధ్యాహ్నం, 40 డిగ్రీల వేడిలో, నీడపట్టున ఉన్న గోడ కూడా వెలుగు చిమ్ముతూనే ఉంటుంది. ఆ వెలుగు మన కంటికి ఆనదు, అంతే. 40 డిగ్రీల సెల్సియస్ అంటే 313 కెల్విన్. 2,898ని 313తో భాగిస్తే సుమారు 9.3 వస్తుంది. అంత వేడి ఉన్న వస్తువు 9.3 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర అన్నిటికంటే ఎక్కువగా వెలుగుతుందన్నమాట. జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ వీన్ 1893లో చెప్పిన సూత్రమిది. మన కన్ను చూడగలిగేది 0.4 నుంచి 0.7 మైక్రాన్ల దాకానే. దానికి ఆవల ఉన్నది పరారుణ కాంతి. ఈ ఒక్క భాగహారం తెలిస్తే, కొత్తగా పుట్టిన నక్షత్రం చుట్టూ ఏముందో, ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు.

ఆరిగా తారామండలంలో సుమారు 500 కాంతి సంవత్సరాల దూరాన ఏబీ ఆరిగే అనే నక్షత్రం ఉంది. దాని ద్రవ్యరాశి సూర్యుడికి 2.4 రెట్లు, వెలుగు దాదాపు 40 రెట్లు, ఉపరితలం వేడి దాదాపు 10,000 కెల్విన్. వయసు మాత్రం కొన్ని మిలియన్ల ఏళ్లే. 460 కోట్ల ఏళ్ల మన సూర్యుడి ముందు పసిబిడ్డ. ఇలాంటి వేడి, పసి నక్షత్రాలను 1960లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ హెర్బిగ్ మొదటిసారి ఒక జాబితాగా కూర్చారు. అందులో ఉన్నవి 26. ఇప్పుడు వందల్లో తెలుసు. వాటిని హెర్బిగ్ నక్షత్రాలంటారు.

10,000 కెల్విన్ నక్షత్రం 0.3 మైక్రాన్ల దగ్గర, అంటే అతినీలలోహితంలో గట్టిగా వెలగాలి. పరారుణంలోకి వెళ్లేకొద్దీ మసకబారాలి. హెర్బిగ్ నక్షత్రాలు అలా మసకబారవు. 2 మైక్రాన్లు దాటాక కూడా లెక్కకు మించిన వెలుగు కనిపిస్తుంది. ఆ అదనపు వెలుగు నక్షత్రానిది కాదు. దాని చుట్టూ పళ్లెంలా తిరుగుతున్న ధూళిది. నక్షత్రం కాంతిని మింగి వేడెక్కిన ధూళి, ఆ వేడిని పరారుణంగా తిరిగి కక్కుతుంది. కొన్ని హెర్బిగ్ నక్షత్రాల్లో మొత్తం కాంతిలో మూడో వంతు, మరికొన్నిటిలో సగం దాకా ఇలా ధూళి చేతులు మారి మనకు చేరుతుంది.

ఏ తరంగదైర్ఘ్యంలో చూస్తే పళ్లెంలో ఏ చోటు కనిపిస్తుందన్నది అసలు రహస్యం. సూర్యుడికి 40 రెట్లు వెలిగే నక్షత్రం దగ్గర, భూమికీ సూర్యుడికీ మధ్య దూరంలో నాలుగో వంతు కంటే కాస్త తక్కువలో ధూళి వేడి 1,500 కెల్విన్. అంతకంటే దగ్గరికి వెళ్తే రేణువులు ఆవిరైపోతాయి. పళ్లెం లోపలి అంచు అదే. అది వెలిగేది 1.9 మైక్రాన్ల దగ్గర. భూమి–సూర్యుల దూరానికి చేరితే వేడి 700 కెల్విన్, వెలుగు 4.1 మైక్రాన్లు. 30 రెట్ల దూరంలో 128 కెల్విన్, 23 మైక్రాన్లు. 100 రెట్ల దూరంలో 70 కెల్విన్, 41 మైక్రాన్లు. ఇవన్నీ నక్షత్ర కాంతి నేరుగా పడే ధూళికి వేసిన సాదా లెక్కలు. నీడలో దాగిన లోపలి పొరలు ఇంకా చల్లగా ఉంటాయి. మరి 5 రెట్ల దూరంలో? సరిగ్గా 313 కెల్విన్. మన వేసవి మధ్యాహ్నపు వేడి.

ఆ మేరలోనే 9.7 మైక్రాన్ల దగ్గర వర్ణపటంలో ఒక గుట్ట లేస్తుంది. అది సిలికేట్ల ముద్ర. సిలికాన్, ఆక్సిజన్ కలిసిన రాతి పదార్థం అక్కడ ఉందన్న సాక్ష్యం. రేణువులు సన్నగా ఉంటే గుట్ట కొనదేలుతుంది. ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైతే చదునవుతుంది. ఆలివిన్ స్ఫటికాలుంటే 11.3 మైక్రాన్ల దగ్గర మరో శిఖరం. ఎవరూ వెళ్లలేని చోట రాయి తయారవుతున్న తీరును కేవలం ఒక గీత ఆకారం నుంచి చదవగలగడం మనిషి బుద్ధి సాధించిన గొప్ప విజయాల్లో ఒకటని నేను నమ్ముతాను.

హెర్బిగ్ నక్షత్రాలకు మరో గుర్తు ఉంది. 0.6563 మైక్రాన్ల దగ్గర హైడ్రోజన్ చిమ్మే ఎర్రని గీత. ఈ గీత కథ మన జిల్లాల మీదుగా నడిచింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. నీడ దారి ఇప్పటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్స్ జాన్సెన్, బ్రిటిష్ అధికారి జేమ్స్ టెనెంట్ గుంటూరులో మకాం వేశారు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నారు. అదే అబ్జర్వేటరీకి చెందిన చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లారు. గుంటూరుకూ మచిలీపట్నానికీ నడుమ ఉన్న రేపల్లె కూడా పూర్తి నీడలోనే ఉంది. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలలను వర్ణపట యంత్రంతో చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. అవి హైడ్రోజన్ వాయువువని తేలింది. మర్నాడు గ్రహణం లేకపోయినా ఆ గీతలను చూడవచ్చని జాన్సెన్ గుంటూరులోనే నిరూపించారు.

ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతను మొదట సోడియం అనుకున్నారు. అది వేరని అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ తేల్చారు. దానికి కారణమైన మూలకానికి హీలియం అని పేరు పడింది. భూమి మీద దాన్ని విలియం రామ్సే పట్టుకున్నది 1895లో. 1908లో కామెర్లింగ్ ఓనెస్ దాన్ని ద్రవంగా మార్చారు. మామూలు ఒత్తిడిలో అది మరిగేది 4.2 కెల్విన్ దగ్గర. నక్షత్రాల ధూళి కథలో ఈ అంకె చాలా ముఖ్యం. ఎందుకంటే దుర్భిణి కూడా గోడలాగే వెలుగుతుంది. గది వేడిలో ఉన్న దుర్భిణితో 10, 60 మైక్రాన్లలో ఆకాశాన్ని చూడబోతే దాని సొంత వెలుగే కళ్లు కప్పేస్తుంది. దాన్ని చల్లార్చాలి.

1983 జనవరిలో అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి ప్రయోగించిన ఐరాస్ ఉపగ్రహంలో 57 సెంటీమీటర్ల దుర్భిణిని ద్రవ హీలియంతోనే చల్లబరిచారు. 10 నెలలకు హీలియం అయిపోయింది, పని ఆగిపోయింది. ఆలోపే అది 12, 25, 60, 100 మైక్రాన్లలో ఆకాశంలో అధిక భాగాన్ని జల్లెడ పట్టింది. కొలతలు సరిచూసుకోవడానికి అభిజిత్ నక్షత్రం వైపు తిప్పితే, 60, 100 మైక్రాన్లలో ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్ల వెలుగు వచ్చింది. 85 కెల్విన్ల ధూళి! అదే సర్వేలో ఇలాంటి ధూళి ఉన్న మరో నక్షత్రం, బీటా పిక్టోరిస్ కూడా దొరికింది. 1984లో చిలీ నుంచి ఖగోళ శాస్త్రవేత్తలు స్మిత్, టెరిల్ దాని పళ్లెం ఫోటో తీశారు. అది నక్షత్రం నుంచి భూమి–సూర్యుల దూరానికి 400 రెట్లకు పైగా విస్తరించి ఉంది.

బీటా పిక్టోరిస్ 63 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వయసు 2 కోట్ల ఏళ్లకు కాస్త అటూ ఇటూ. అక్కడ ధూళి చిమ్మే వెలుగు నక్షత్ర కాంతిలో 0.25 శాతమే. హెర్బిగ్ దశలో సగం దాకా ఉండగలిగింది ఇంతకు తగ్గిందంటే, పుట్టుక నాటి పళ్లెం చెదిరిపోయి, రాళ్లు ఢీకొని రేగిన కొత్త ధూళి మిగిలిందని అర్థం. గ్రహాలు కూడా ఏర్పడ్డాయి. రెండు దొరికాయి. అక్కడ స్పిట్జర్ అంతరిక్ష దుర్భిణి 2004–05లో చూసిన వేడి సిలికేట్ ధూళి, జేమ్స్ వెబ్ అంతరిక్ష దుర్భిణి చూసేనాటికి మాయమైంది. పెద్ద రాతిపిండాలు ఢీకొని రేగిన ధూళిని స్పిట్జర్ అప్పటికి తాజాగా చూసిందని 2024లో క్రిస్టీన్ చెన్ బృందం వివరించింది. వెబ్‌లో ఈ పరిశీలన చేసిన పరికరాన్ని 7 కెల్విన్లకు దిగువకు చల్లార్చేదీ హీలియమే.

మన కోస్తా గాలిలోని తేమ పరారుణాన్ని మింగేస్తుంది. అందుకే మన దేశపు పరిశీలన లడఖ్‌లోని హాన్లేకు, 4,500 మీటర్ల ఎత్తుకు చేరింది. అక్కడి 2 మీటర్ల హిమాలయన్ చంద్ర దుర్భిణిని నడిపేది బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ. పోగ్సన్ అధిపతిగా ఉన్న మద్రాసు అబ్జర్వేటరీకి వారసురాలు ఆ సంస్థే. అక్కడి పి. మనోజ్, హెచ్.సి. భట్ తదితరులు 2006లో 45 హెర్బిగ్ నక్షత్రాల వర్ణపటాలు ప్రకటించారు. వయసు పెరిగేకొద్దీ ఎర్ర గీత బలహీనపడుతోందనీ, నక్షత్రం మీదికి పదార్థం రాలడం 30 లక్షల ఏళ్లకల్లా బాగా తగ్గిపోతోందనీ వాళ్లు చూపారు. అయితే ఎర్ర గీత ఒక్కటే చాలదు. వేగంగా తిరుగుతూ తమ వాయువును తామే విసిరేసుకునే ముదురు నక్షత్రాల్లోనూ అది కనిపిస్తుంది. వాటి పరారుణ మిగులు మాత్రం స్వల్పం. ధూళి వెలుగు దండిగా ఉంటేనే అది పసి నక్షత్రం.

ఫిబ్రవరి మొదటి వారంలో చంద్రుడు లేని రాత్రి 9 గంటలకు సూర్యలంక లేదా నిజాంపట్నం తీరాన దక్షిణానికి తిరిగి నిలబడండి. సముద్రం మీద 21 డిగ్రీల ఎత్తున మెరిసేది అగస్త్య నక్షత్రం. దానికి కుడివైపు ఆరు డిగ్రీల దూరంలో, కొంచెం పైన, మసగ్గా ఉన్నదే బీటా పిక్టోరిస్. బాపట్ల, గుంటూరు జిల్లాల సైన్స్ మాస్టార్లు, టీచరమ్మలు పిల్లలను తీసుకెళ్లి ఒక్కసారి దాన్ని చూపించండి. చూపించేటప్పుడు 1868 ఆగస్టు 18 సంగతి కూడా తప్పకుండా చెప్పండి.