ఒక టవరు, వెయ్యి ఫోన్లు: మన సభ లైవ్ ఎందుకు ఆగిపోతుంది?

గత ఏప్రిల్ 14న ఒక మండల కేంద్రంలో జయంతి సభను లైవ్ ఇచ్చే పని మా మీద పడింది. స్టాండు మీద ఒక ఫోను, మైకు సెట్టు నుంచి లాగిన ఒక వైరు. సరంజామా అంతే. మొదటి ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. భూమి కేసులో ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరుగుతున్న ఒక పెద్దమ్మ మైకు అందుకునే సరికి మైదానం నిండిపోయింది. సరిగ్గా అప్పుడే తెర మీద సున్నా గిరగిరా తిరగడం మొదలైంది. దుబాయ్‌లో ఉన్న ఆమె కొడుకు ఫోన్ చేసి, "అమ్మ మాట్లాడుతోందా అన్నా? నాకేం కనబడట్లేదు" అన్నాడు. "కావాలనే ఆపేశారు" అన్నారు సభలో కొందరు. అలా అనుమానించడానికి మనకు కారణాలు లేకపోలేదు. కానీ ఆ రోజు మమ్మల్ని ఆపింది మనుషులు కాదు, లెక్క.

ఊళ్లో చాటింపు సంగతి తెలిసిందే. డప్పు ఒక్కసారి మోగితే నడివీధికీ వాడకీ ఒకేసారి వినబడుతుంది. వినేవాళ్లు పదిమందైనా వెయ్యిమందైనా కొట్టే చేతికి శ్రమ ఒకటే. రేడియో తరంగం స్వభావం కూడా అదే. యాంటెన్నా దాటాక అది అందరి మీదా పడుతుంది. విచిత్రం ఏమిటంటే, ఆ తరంగం మీదే నడిచే మన మొబైల్ నెట్‌వర్క్ మాత్రం పోస్ట్‌మ్యాన్‌లా పనిచేస్తుంది. ఒకే వీడియోను వెయ్యిమంది చూస్తుంటే వెయ్యి కాపీలు తీసి, ఒక్కొక్కటీ ఒక్కొక్కరి పేరు మీద పంచుతుంది. దీన్నే యూనికాస్ట్ అంటారు. చాటింపు పద్ధతి బ్రాడ్‌కాస్ట్. అడిగినవాళ్ల గుంపుకు మాత్రమే ఒకేసారి పంపితే మల్టీకాస్ట్.

లెక్క చూద్దాం. ఫోను తెర మీద చూడదగ్గ 480పీ లైవ్‌కు సెకనుకు సుమారు 1 మెగాబిట్ కావాలి. 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న మామూలు 4జీ సెల్ కాగితం మీద సెకనుకు 150 మెగాబిట్ల దాకా ఇస్తుంది. అది టవరు కింద నిలబడ్డవాళ్ల లెక్క. దూరంగా, గోడల వెనక ఉన్నవాళ్లకు అదే వీడియో చేరడానికి టవరు ఎక్కువ సమయం ఖర్చుపెట్టాలి. (వాడ ఊరికి ఏ చివర ఉంటుందో, టవరు ఎవరి చేలో నిలబడి ఎవరికి అద్దె తెస్తుందో ఈ పాఠకులకు చెప్పనక్కర్లేదు.) ఒకే సెల్ కింద మూడు వందల మంది మా లైవ్ తెరిస్తే 300 మెగాబిట్లు కావాలి. చాటింపులా పంపితే 1 చాలు. పైగా మైదానంలో ప్రతి చేతిలోనూ ఫోను, ప్రతి ఫోను నుంచీ ఫోటోలు, రీల్స్ పైకి వెళుతున్నాయి. పైకి పంపే దారి కిందికి వచ్చే దారికన్నా ఇరుకు. మా వీడియో ఇరుక్కుపోయింది అక్కడే.

మరి అందరికీ ఒకేసారి ఎందుకు పంపరు? కొంత ఇబ్బంది నిజమైనదే. ఒక్కరికి పంపేటప్పుడు ఆ ఫోను "అందింది" అని జవాబిస్తుంది, అందకపోతే మళ్లీ పంపుతారు. వెయ్యిమంది జవాబివ్వడం మొదలుపెడితే ఆ జవాబులతోనే గాలి నిండిపోతుంది. అందుకే వైఫైలో మల్టీకాస్ట్ ప్యాకెట్లకు జవాబు ఉండదు. ఎక్కడో చివర ఉన్నవాళ్లకూ అందాలని రూటరు వాటిని బాగా తక్కువ వేగంతో పంపుతుంది. చాలా రూటర్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద ఆ వేగం సెకనుకు 1 మెగాబిట్టే.

జవాబు లేకుండా నష్టం పూడ్చే ఉపాయం మాకు చాలా ఇష్టమైనది. పంపాల్సినవి రెండు సంఖ్యలనుకోండి: 3, 5. ముందు వరుసలో ఒకరికి 3 పోయింది, వెనక ఇంకొకరికి 5 పోయింది. ఎవరికి ఏది పోయిందో అడగనవసరం లేదు. రెంటి మొత్తం 8ని ఒక్కసారి పంపితే ఇద్దరూ తమకు పోయినదాన్ని తీసివేతతో తెలుసుకుంటారు. రాప్టర్ కోడ్‌ల వంటివి ఈ పనినే వేల ప్యాకెట్ల మీద చేస్తాయి.

అంటే చేతకాక కాదు. 4జీలో ఈఎంబీఎంఎస్ అనే పద్ధతి ఉంది. పక్కపక్క టవర్లన్నీ ఒకే వీడియోను ఒకే క్షణంలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద పంపితే వాటి సిగ్నళ్లు ఒకదానికొకటి తోడవుతాయి. దక్షిణ కొరియాలో 2014లోనే దీన్ని వ్యాపారంగా మొదలుపెట్టారు. అది నిలదొక్కుకోకపోవడానికి ఫోన్ల తయారీదారుల అనాసక్తి ఒక కారణం, అందరూ ఒకే సమయంలో ఒకే వీడియో చూడకపోవడం ఇంకొకటి. జీబీల లెక్కన డేటా అమ్ముకునే కంపెనీకి మూడు వందల కాపీల బదులు ఒకే కాపీ పంపే తొందర ఎందుకుంటుంది అన్నది మా అనుమానం.

ఇప్పుడు అదే ఆలోచన మన దేశంలో డైరెక్ట్ టు మొబైల్ పేరుతో టీవీ టవర్ల వైపు నుంచి వస్తోంది. సిమ్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా వీడియో నేరుగా ఫోనులోకి వస్తుంది. ఐఐటీ కాన్పూర్, సాంఖ్య ల్యాబ్స్ దీని మీద పనిచేశాయి. 470–582 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను దీనికి కేటాయించాలనే ఆలోచన ఉందనీ, 19 నగరాల్లో ప్రయోగాలు జరుగుతాయనీ 2024 జనవరిలో కేంద్ర సమాచార, ప్రసార శాఖ కార్యదర్శి ప్రకటించారు. ఫోనులో ప్రత్యేక చిప్ ఉండాలి. టెలికాం కంపెనీలు అభ్యంతరం చెబుతున్నాయి.

దీనిలో మనకు పనికొచ్చే గుణం ఒకటుంది. యూనికాస్ట్‌లో ఎవరు ఏ వీడియో ఎంతసేపు చూశారో సర్వర్‌లో నమోదవుతుంది. బ్రాడ్‌కాస్ట్‌లో ఎవరు చూస్తున్నారో టవరుకు తెలియదు. హాస్టల్ గదిలో కూర్చుని మన సభ చూసే విద్యార్థికి అది చిన్న విషయం కాదు.

కానీ 2022 మే గుర్తుచేసుకోండి. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 24న అమలాపురంలో హింస చెలరేగింది. దళిత మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. డైరెక్ట్ టు మొబైల్ అప్పుడే ఉండి ఉంటే, ఇంటర్నెట్ ఆగినా ప్రసారం ఆగేది కాదు. టవరు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల కథనం ప్రతి ఫోనులోకీ వచ్చేది. మన కథనం వెళ్లే దారి మాత్రం మూసుకుపోయి ఉండేది. చాటింపులోనూ అంతే కదా: డప్పు మనది, కొట్టే చెయ్యి మనది, చాటే మాట మాత్రం పెద్దలది.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. ఆ మాట మన దాకా రావడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది: 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో మొదలైంది. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. సొంతంగా వార్తలు చెప్పే అనుమతి మాత్రం కమ్యూనిటీ రేడియోకు ఇవ్వలేదు. వీడియోకైతే అలాంటి లైసెన్సు విధానమే లేదు. డైరెక్ట్ టు మొబైల్ నిబంధనలు రాస్తున్నప్పుడే కమ్యూనిటీ చానళ్లకు అందులో కొంత వాటా అడగాలి. స్పెక్ట్రమ్ పంచేశాక అడిగితే మిగిలేది ఉండదు.

ఈలోగా సభలు ఆగవు గనుక మేము నేర్చుకున్నవి చెబుతాం. లైవ్‌ను ఫోను డేటా మీద వదిలేయకండి. దగ్గర్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటి నుంచి కేబుల్ లాగండి. జనం పెరిగేకొద్దీ 360పీకి, అవసరమైతే 240పీకి దిగండి, మాట మాత్రం తెగనివ్వకండి. మైదానంలో ఉన్నవాళ్లను లైవ్ తెరవవద్దని మైకులోనే అడగండి. అన్నిటికన్నా ముందు, లైవ్‌తో పాటు ఇంకో ఫోనులో రికార్డింగ్ నడవాలి.

ఆ రోజు రెండో ఫోను పెట్టింది మాలో ఒకరి చెల్లెలు, ఎవరూ చెప్పకుండానే. పెద్దమ్మ మాట్లాడిన పదహారు నిమిషాలూ అందులో ఉన్నాయి. రాత్రి రెండింటికి, టవరు ఖాళీ అయ్యాక, అప్‌లోడ్ చేశాం. కొడుకు తెల్లారి డ్యూటీకి వెళుతూ బస్సులో చూశాడట.