తగినంత ఉప్పు అంటే ఎంత?

ఏ వంటల పుస్తకం తిరగేసినా ఈ మాట కనిపిస్తుంది: ‘ఉప్పు - తగినంత’. తగినంత అంటే ఎంతో తెలిసినావిడకి పుస్తకంతో పనేముంది? తెలియని పిల్లకి ఆ మాట వల్ల ఒరిగేదేముంది?

ఇంగ్లండులో హన్నా గ్లాస్ అనే ఆవిడ ఈ చిక్కుని 1747లోనే విప్పింది. ఆవిడ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ కుకరీ’లో మన దేశపు పద్ధతిలో కోడికూర ఒకటుంది. మిరియాలు ఎన్నంటే ముప్పై. లెక్కపెట్టి మరీ! ఉప్పు ఒక టీ చెంచాడు. ధనియాలేమో శుభ్రమైన పారలో పెట్టి వేయించమంది. పసుపు లేదు, కారం లేదు. మా గుణదలలో ఆ కూర వడ్డిస్తే ఎవరైనా ముందు ఆవకాయ జాడీ ఎక్కడుందని అడుగుతారు, అది వేరే సంగతి. పెద్ద పెద్ద మాటలు మానేసి, వంటింట్లో పనిచేసే అమ్మాయిలకి అర్థమయ్యేలా రాయాలన్నది ఆవిడ పట్టుదల.

ఇంతా చేసి, మొదట ఆ పుస్తకం మీద ఆవిడ పేరే లేదు. ‘ఒక స్త్రీ రాసినది’ అని వేసి ఊరుకున్నారు. కొన్నాళ్లకి, అది జాన్ హిల్ అనే డాక్టరు రాశాడని పుకారు పుట్టింది. ఆడవాళ్లకి మంచి వంట పుస్తకం రాయడం చేతకాదని శామ్యూల్ జాన్సన్ అంతటి నిఘంటుకారుడే తేల్చేశాడు. ఆవిడ మాత్రం 1754లో దివాలా తీసి, పుస్తకం హక్కులు అమ్ముకుంది. రాసింది హన్నాయేనని మాడలిన్ హోప్ డాడ్స్ అనే చరిత్రకారిణి రుజువు చేసేసరికి 1938 వచ్చింది.

అంతకు ముందు వందేళ్లలో హన్నా వూలీ అని ఇంకొకావిడ ఉంది. ఇంటి పనుల మీద పుస్తకాలు రాసి బతికిన తొలి ఆడవాళ్లలో ఒకరు. ఆవిడది ఇంకో రకం కష్టం. 1673లో ఒక పుస్తకాల వ్యాపారి అడగా పెట్టా లేకుండా ఆవిడ పేరుతో పుస్తకం వేసేశాడు. ఒకరికి పేరు దక్కలేదు, ఇంకొకరి పేరే దొంగలపాలైంది!

మన దగ్గర కథ వేరు. గుణదల నుంచి బస్సెక్కితే గంటన్నర దూరంలోని నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ పెళ్లయ్యాక మద్రాసులో స్థిరపడ్డారు. ఆంధ్రప్రభ వారపత్రికలో ఆవిడ నడిపిన ‘ప్రమదావనం’ కోసం దశాబ్దాల పాటు ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవారు. ‘వంటలు-పిండివంటలు’ ముద్రణ మీద ముద్రణ పొందింది. ఉద్యోగాల కోసం మొగుళ్లు దూరాభారాలు పోయారు, వెంట వెళ్లిన కొత్త పెళ్లికూతుళ్లకి పక్కన అమ్మా లేదు, అత్తా లేదు. అలాంటి ఇళ్లలో అమ్మ చేయాల్సిన పని ఆ పుస్తకం చేసింది. అట్ట మీద రచయిత్రి పేరు నిండుగా ఉంది.

వంటలు రాసినంత మాత్రాన ఆవిడ సాహిత్యానికేం లోటు రాలేదు. ‘హృదయనేత్రి’ నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ‘పాత కెరటాలు’ ద్వారా ఇంగ్లీషు నవలల్ని తెలుగువాళ్లకి చెప్పిందీ ఆవిడే. 2013 ఆగస్టు 21న చెన్నైలో కన్నుమూశారు. సాహిత్య సభల్లో నవలల గురించి గంటలు గంటలు మాట్లాడి, వంట పుస్తకాన్ని చివర్లో ఒక్క ముక్కతో దాటేస్తారు చూడండి, నాకది నచ్చదు. నవల్లో ఓ పేజీ జారితే పాఠకుడు సర్దుకుంటాడు. అరిసెల దగ్గర కొలత తప్పితే కిలో బెల్లం గంగపాలు.

మొన్న మా వీధిలో ఒకావిడ గోంగూర పచ్చడి చేస్తూ, అమెరికాలో ఉన్న కూతురికి ఫోన్లో చెబుతోంది. “ఉప్పెంత?” అని అటు నుంచి ప్రశ్న. ఈవిడ ముప్పయ్యేళ్లలో మొదటిసారి చెంచా తీసి కొలిచింది. కూతురు అన్నీ ఫోన్లోనే రాసుకుని, చదివి వినిపించింది. పైన ‘అమ్మ పచ్చడి’ అని పెట్టుకుంది. ఆవిడ పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు.