ఎన్ని గేర్లుంటే అంత హాయా?

క్లచ్‌ నొక్కాలి, గేరు వేయాలి, పది అడుగులు కదలాలి... మళ్లీ బ్రేకు! సాయంత్రం ఏడింటికి అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా కారు నడపడమంటే ఎడమకాలికి కసరత్తే. అందుకే కారు కొనేముందు 'ఆటోమేటిక్‌ ఉందా?' అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ వెంటనే ఇంకో సందేహం... నాలుగు గేర్లదా, ఆరా, ఎనిమిదా? ఎక్కువ గేర్లకు ఎక్కువ డబ్బు పెట్టడం లాభమా, దండగా?

ఎందుకిన్ని?

ఇంజిన్‌ ఓ పరిధిలో తిరిగినప్పుడే తక్కువ ఇంధనంతో బాగా లాగుతుంది. కారు వేగం మారుతున్నా ఇంజిన్‌ని ఆ పరిధిలో ఉంచడమే గేర్ల పని. అవి తక్కువైతే ఎత్తు మెట్లు ఎక్కినట్టుంటుంది. ఎక్కువైతే మెట్టుకీ మెట్టుకీ తేడా తగ్గి, గేరు మారిన సంగతే తెలియదు. పై గేరులో ఇంజిన్‌ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి హైవే మీద ఇంధనం ఆదా, చప్పుడూ తక్కువ.

నాలుగు నుంచి పదికి...

1940 మోడల్‌ ఓల్డ్స్‌మొబైల్‌ కార్లకు జనరల్‌ మోటార్స్‌ అమర్చిన 'హైడ్రామాటిక్‌'లో నాలుగు గేర్లుండేవి. 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌ ఆరు గేర్లతో, 2006లో లెక్సస్‌ ఎల్‌ఎస్‌ 460 ఎనిమిదితో వచ్చాయి. 2017 మోడల్‌ ఫోర్డ్‌ ఎఫ్‌-150 రాప్టర్‌లో ఏకంగా పది! మన దగ్గరా 2022లో మారుతీ బ్రెజా, ఎర్టిగాల్లో నాలుగు గేర్ల ఆటోమేటిక్‌ పోయి ఆరు గేర్లది వచ్చింది.

మరి గేర్లు పెరిగితే గేర్‌బాక్సూ పెరగాలిగా? అక్కర్లేదు. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా, మధ్య చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే అమరిక ఇది. ఒక చక్రాన్ని ఆపి మరోదాన్ని తిప్పితే వేరే గేరు పుడుతుంది. జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్‌ ఎనిమిది గేర్ల పెట్టెలో ఇలాంటి జట్లు నాలుగే.

పంజాగుట్టలో పనికొచ్చేవెన్ని?

ఒకటీ, రెండూ... మహా అయితే మూడు. ఆరో గేరు విలువ తెలిసేది ఔటర్‌ రింగురోడ్డు ఎక్కాకే. రోజూ సిటీలోనే తిరిగేవాళ్లు గేర్ల సంఖ్యకన్నా ఆటోమేటిక్‌ రకాన్ని చూసుకోవాలి.

2014లో సెలెరియోతో మన దగ్గర ప్రాచుర్యంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు గేర్‌బాక్సే. క్లచ్‌ నొక్కి గేరు మార్చే పని యంత్రం చేస్తుంది. చవక, కానీ మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. టార్క్‌ కన్వర్టర్‌ రకంలో కారు కదిలేటప్పుడు శక్తి నూనె ద్వారా అందుతుంది కాబట్టి, బ్రేకు మీద కాలు తీయగానే మెత్తగా పాకుతుంది. సీవీటీలో లెక్కపెట్టడానికి అసలు మెట్లే ఉండవు.

ఇక ఎలక్ట్రిక్‌ కార్లు ఈ పందేన్నే పక్కన పెట్టేశాయి. మోటారు మొదటి క్షణం నుంచే బలంగా లాగుతుంది కాబట్టి వాటిలో చాలావాటికి ఒక్క గేరే చాలు.

అందుకే టెస్ట్‌డ్రైవ్‌కి ఖాళీ రోడ్డు వద్దు. రద్దీ వేళలోనే అడగండి. పది అడుగులకోసారి ఆగి కదిలే చోట మీ కాలికీ మెడకీ హాయిగా ఉందంటే... అదే మీకు తగిన గేర్‌బాక్స్‌!