పాలు తక్కువ త్రాగు శిశువునకు తొలి అన్నము

కలకత్తా నగరమునకు తూర్పున, ఒకనాడు వరిచేలును చేపలచెరువులును ఉండిన రాజార్‌హాట్ ప్రాంతమున, నేడు న్యూ టౌన్ వెలసియున్నది. అచటి కంప్యూటరు సంస్థలలో ఉద్యోగములకై వచ్చి కాపురముండు తెలుగు దంపతులు కలరు. వారి యిండ్లలో బిడ్డ పుట్టినపుడు విశాఖనుండియో విజయవాడనుండియో అమ్మమ్మ గాని నాయనమ్మ గాని రైలెక్కి వచ్చి కొన్ని మాసములు తోడుండును. తల్లి తిరిగి కార్యాలయమునకు పోవలసిన దినము దగ్గరపడును. సరిగా ఆ సమయముననే ఇంటిలో నొక మాట పుట్టును: "పిల్ల పాలు సరిగా తాగడం లేదే అమ్మాయీ, ఇంక అన్నం మొదలుపెట్టేద్దాం."

ఈ మాట ప్రేమచేత పలికినదే. అయినను ఆచరింపక పూర్వము రెండు సంగతులు తెలిసికొనవలెను. శిశువు నిజముగా తక్కువ త్రాగుచున్నదా యనునది మొదటిది. అన్నము పెట్టినంతమాత్రమున ఆ లోటు తీరునా యనునది రెండవది.

నాలుగు మాసములు దాటిన శిశువు లోకమును చూడ నారంభించును. తిరుగు పంకా, తలుపు చప్పుడు, ప్రక్కగదిలోని మాటలు, ప్రతిదానికిని తల త్రిప్పి రొమ్ము విడుచును. అంతేకాక, తొలి దినములలో అరగంట పట్టిన పనిని ఇప్పుడు ఐదారు నిమిషములలో ముగించును. చూచువారికి ఇది తక్కువ త్రాగుటగా తోచును. సీసాపాలు త్రాగు శిశువు విషయమున డబ్బాపై ముద్రించిన కొలతకు తగ్గినచో కలవరము కలుగును. ఆ కొలత సగటు లెక్కయే గాని, ఎదుటనున్న శిశువు ఆకలిని చూచి వ్రాసినది కాదు. కనుక సాక్ష్యమును శిశువు శరీరమునందే వెదకవలెను. దినమునకు ఆరు మారులైనను లేతరంగు మూత్రము పోయుచు, మేలుకొన్నపుడు చురుకుగా నుండి, నెలనెలకు బరువు పెరుగుచున్న శిశువునకు పాలు చాలుచున్నవనియే యెరుగవలెను. పుట్టుకనాటి బరువు ఐదారు మాసములకు రెండింతలు, సంవత్సరమునకు మూడింతలు అగుట సాధారణము. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోని పెరుగుదల పటముపై నెలకొక చుక్క పెట్టించినచో, ఆ చుక్కల వరుస పైకి పోవుచున్నదో, నిలిచిపోయినదో, క్రిందికి వంగినదో చదువురానివారికిని తెలియును. పుట్టింట పురుడు పోసికొన్న తల్లి ఈ కార్డును వెంట తెచ్చుకొనుట మరువరాదు.

బరువు నిజముగనే పెరుగకున్నచో దానికి కారణముండును. ముక్కుదిబ్బడ, నోటిలో తెల్లపూత, చెవిపోటు, రొమ్మును సరిగా పట్టలేకపోవుట మొదలైనవి అట్టివి. వీనిలో దేనికిని అన్నము మందు కాదు. కారణమును కనుగొనక గిన్నె చేతబట్టినచో, రోగము లోపలనే యుండి, దినములు మాత్రము గడచిపోవును.

ఆరు మాసములు, అనగా 180 దినములు నిండువరకు శిశువునకు తల్లిపాలు తప్ప మరేమియు, కలకత్తా వేసవియందు మంచినీరు సైతము, అక్కరలేదు. ఈ నియమమునకు రెండు వైపులనుండి ఒత్తిడి కలుగుచున్నది. ఒకటి ఉద్యోగము. మొదటి ఇద్దరు బిడ్డల విషయమున 26 వారముల వేతన సహితమైన ప్రసూతి సెలవు 2017లో చట్టసిద్ధమైనది. 26 వారములనగా 182 దినములు; చూచుటకు లెక్క సరిపోయినట్లే యున్నది. కాని అందులో 8 వారములవరకు కాన్పునకు ముందే వాడుకొనవచ్చును. అట్లు వాడుకొన్న తల్లి, శిశువునకు 18 వారములు నిండగనే, అనగా నాలుగు మాసములు దాటగనే, పనికి పోవలసి వచ్చును. 50 మంది గాని అంతకు మించి గాని ఉద్యోగులుగల సంస్థ శిశుగృహమును ఏర్పరుపవలెననియు, తల్లి దినమునకు నాలుగు మారులు అచటికి పోవచ్చుననియు కూడ చట్టము చెప్పుచున్నది. ఈ హక్కును అడిగి తెలిసికొనుట మేలు.

రెండవ ఒత్తిడి అన్నప్రాశన ముహూర్తము. మగపిల్లలకు సరి మాసమున, ఆడపిల్లలకు బేసి మాసమున అన్నప్రాశన చేయుట మన ఆచారము. వంగదేశీయులును దీనినే 'ముఖే భాత్' అని పిలిచి, మేనమామచేత పాయసము తినిపింతురు. అయితే ఆరవ మాసమనగా జరుగుచున్న ఆరవ మాసమే. అప్పటికి నిండినవి ఐదే. ఆడపిల్లకు ఐదవ మాసమున చేసినచో నిండినవి నాలుగే. ఏడవ మాసమన్నచో ఆరు నిండినవని యర్థము. ఆడపిల్ల విషయమున ఆచారమును వైద్యమును అచ్చట చక్కగా కలిసినవి. మగపిల్లవానికి వేడుక ఎనిమిదవ మాసమునకు జరిగినను, 180 దినములు నిండగనే ఇంటిలో ఆహారము మొదలుపెట్టవలెను. ముహూర్తము వేడుకకు గాని ఆకలికి కాదు.

ఆరు మాసములు నిండిన పిమ్మట అన్నము తప్పనిసరి. పుట్టినపుడు శిశువు దేహమున నిలువయున్న ఇనుము అప్పటికి తరుగును. పాలు దానిని పూరింపజాలవు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 మొదలు 59 మాసముల వయస్సుగల పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత కనబడినది. 6 మొదలు 23 మాసముల పిల్లలలో చాలినంత ఆహారము పొందువారు నూటికి 11 మందియే. పాలు తక్కువ త్రాగు శిశువునకు ఈ యపాయము మరింత దగ్గర.

ఇచ్చట ఒక ముఖ్యమైన పొరపాటు జరుగుచుండును. పాలు తక్కువైనవి గదా యని, జారుడుగా మ్రింగునని, పెద్దలు గంజి, పప్పుకట్టు, పండ్లరసము, పలుచని జావ పట్టింతురు. శిశువు ఉదరము చిన్నది. ఎనిమిది మాసములవానికి సుమారు 200 మిల్లీలీటర్లు పట్టును. ఒక చెంచాడు, అనగా 5 గ్రాముల పిండితో కాచిన 100 మిల్లీలీటర్ల జావలో 18 కాలరీలు మాత్రమే యుండును. అంతే కొలత తల్లిపాలలో సుమారు 65 కాలరీలుండును. జావతో కడుపు నిండిన శిశువు పాలను త్రోసివేయును. అనగా మూడింతల బలముగల వస్తువును మాని, నీటితో కడుపు నింపుకొన్నదన్నమాట! మరునాడు పాలు మరికొంత తగ్గును, మరికొంత జావ పోయుదురు. పాలు తక్కువ త్రాగు శిశువు చిక్కిపోవుటకు ఇది సాధారణమైన త్రోవ.

కావున అట్టి శిశువునకు పెట్టు ఆహారము గట్టిగా నుండవలెను. చెంచాను వంచినపుడు జారిపోక నిలిచినచో సరియైన పాకము. మన ఉగ్గు ఇందులకు మిక్కిలి తగినది. రెండు పాళ్లు బియ్యమును, ఒక పాలు పెసరపప్పును వేరువేరుగా దోరగా వేయించి, సన్నని రవ్వగా విసరి నిలువ చేసికొనవలెను. కలకత్తా వానకాలమున తేమ హెచ్చు గనుక వారమునకు సరిపడునంతయే విసరుట మంచిది. రవ్వను మెత్తగా ఉడికించి, ఒక చెంచా నేయి కలుపవలెను. ఆ నేతితోనే సుమారు 40 కాలరీలు చేరును. గోరువెచ్చనైన తరువాత పిండి తీసిన తల్లిపాలు రెండు మూడు చెంచాలు కలిపి మెదిపినచో, పాలు త్రాగనని మొండికెత్తిన శిశువునకు ఆ పాలు అన్నము వెంట లోపలికి పోవును. రుచియు దానికి పరిచితమే. ఉప్పు, చక్కెర సంవత్సరమువరకు అక్కరలేదు. తేనె ఎంతమాత్రమును కూడదు. అందుండు నొక సూక్ష్మజీవి పసివారి నరములను స్తంభింపజేయగలదు.

మొదట రెండు మూడు పెద్ద చెంచాలు, దినమునకు రెండు మారులు చాలును. ఎనిమిది మాసములు నిండునప్పటికి అరగిన్నె చొప్పున మూడు మారులకు పెంచి, తొమ్మిదవ మాసము నిండిన తరువాత మూడు నాలుగు మారులు పెట్టవలెను. గిన్నె యనగా 250 మిల్లీలీటర్లది. 6 మొదలు 8 మాసముల మధ్య అన్నమునుండి రావలసినది దినమునకు 200 కాలరీలు, తక్కినదంతయు పాలే. సంవత్సరము నిండువరకు సగము బలము పాలనుండియే రావలెను. అందుచే తొలి మాసములలో ముందు పాలిచ్చి పిదప అన్నము పెట్టుట, లేక రెంటికిని నడుమ గంటన్నర ఎడముంచుట యుక్తము.

తల్లి పగలంతయు కార్యాలయమున నుండు యింటిలో శిశువు పగలు తక్కువ త్రాగి, రాత్రియెల్ల త్రాగుట కద్దు. అది మొండితనము కాదు. దినపు లెక్కను రాత్రి సరిచేసికొనుటయే. పిండి తీసిన పాలు గదిలో నాలుగు గంటలు, కలకత్తా యెండలలో అంతకన్న తక్కువ సేపు, నిలువయుండును. శీతల పేటికలో నాలుగు దినములవరకు ఉంచవచ్చును. వానిని గిన్నెతోను చెంచాతోను పట్టుట సీసాకన్న మేలు. తల్లిపాలు పూర్తిగా లేని శిశువునకు దినమునకు నాలుగైదు మారులు అన్నము పెట్టుచు, గ్రుడ్డు, చేప, మాంసము తినుచున్నచో 200 మొదలు 400 మిల్లీలీటర్ల పాలును, అవి తిననిచో 300 మొదలు 500 మిల్లీలీటర్ల పాలును ఇయ్యవలెనని ప్రపంచారోగ్య సంస్థ సలహా.

ఇనుముగల ఆహారమునకు న్యూ టౌన్ బజారులో కొరత లేదు. వంగదేశీయులు 'రుయి' యనునది మన శీలావతియే. కొల్లేటి ప్రాంతపు చెరువులనుండి లారీలలో వచ్చిన చేప అచటి అంగళ్లలో అమ్ముడగుచుండును. ముల్లు పూర్తిగా తీసి, మెదిపి, అన్నమున కలుపవలెను. బాగుగా ఉడికిన గ్రుడ్డును ఆరు మాసములు నిండినది మొదలుకొని పెట్టవచ్చును. శాకాహారులు పప్పుపై రెండు చుక్కల నిమ్మరసము పిండినచో అందలి ఇనుము బాగుగా ఒంటబట్టును. 2018లో ఆరంభమైన రక్తహీనతా నివారణ కార్యక్రమమున 6 మాసములు దాటిన పిల్లలకు వారమునకు రెండు మారులు 1 మిల్లీలీటరు చొప్పున ఇచ్చు ద్రావకములో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లముండును. ఈ ఆమ్లమును 1945లో అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు.

శిశువు నోరు మూసికొన్నచో, తల త్రిప్పినచో, ఆ పూటకు చాలునని యర్థము. ముక్కు మూసి మ్రింగించుటయు, సెల్‌ఫోను చూపి తెలియకుండ నోటిలో త్రోయుటయు గిన్నె కనబడగనే ఏడ్చు శిశువును తయారు చేయును. క్రొత్త రుచిని ఎనిమిది పది మారులు చూపిన పిదప గాని శిశువు ఒప్పుకొనకపోవచ్చును. ఒకనాడు ఉమ్మివేసిన గుమ్మడికాయను మూడు దినములు గడచిన తరువాత మరల పెట్టి చూడవలెను.

పాలు త్రాగునపుడు శిశువునకు చెమట పట్టి, ఆయాసముతో నడుమ నడుమ ఆగుచున్నచో గుండెను పరీక్ష చేయింపవలెను. దీనిని ఎంతమాత్రము ఉపేక్షింపరాదు. పెదవులు నీలముగుట, ఎనిమిది గంటలసేపు మూత్రము లేకుండుట, మాడు గుంటపడుట, లేపినను సరిగా లేవకుండుట కనబడినచో ఆ గంటలోనే ఆసుపత్రికి కొనిపోవలెను. రెండు నెలల చుక్కలు వరుసగా నిలిచిపోయినచో, ఇంకొక నెల చూతమని ఆగక, కార్డును చేతబట్టుకొని శిశువైద్యునియొద్దకు పోవలెను.