కంచే చేను మేస్తే: 'యాంకా' రక్తపరీక్ష

కంచే చేను మేసినదన్న సామెత తెలుగునాట అందరికీ తెలిసినదే. మానవశరీరంలో కూడా ఒక్కొక్కప్పుడు ఇటువంటి వైపరీత్యం జరుగుతుంది. రోగక్రిములను ఎదుర్కొనటానికి శరీరం తయారుచేసుకునే ప్రతిరక్షకాలు స్వంత కణాలలోని పదార్థాలనే శత్రువులుగా ఎంచి వాటిపై తిరగబడుతవి. ఇట్లా కలిగే వ్యాధులలో చిన్న రక్తనాళాల గోడలు వాచి, పుండుపడి, చెడిపోయే వ్యాధుల కుటుంబం ఒకటి ఉన్నది. రక్తనాళాల వాపుకు వైద్యులు 'వాస్క్యులైటిస్' అని పేరు పెట్టారు. ఈ కుటుంబంలోని ముఖ్యమైన వ్యాధులను గుర్తించటానికి తోడ్పడే రక్తపరీక్షయే 'యాంకా' పరీక్ష.

ఈ వ్యాధులు చాలా అరుదైనవి. అయినా వీటిని గురించి తెలుసుకోవటం అవసరం. ఎందుకంటే ఇవి వచ్చినప్పుడు వ్యవధి ఇవ్వవు. వారాల తరబడి తగ్గని జ్వరం, బరువు తగ్గటం, కీళ్ళనొప్పులు, ముక్కులో పక్కులు కట్టి రక్తం కారటం, కాళ్ళపై నొక్కినా మాయని ఎర్రని మచ్చలు, పాదం తిమ్మిరెక్కి పట్టుతప్పటం, దగ్గులో రక్తం, టీ రంగు మూత్రం - ఇవి దీని లక్షణాలు. అన్నీ ఒకరికే రావాలని లేదు. మూత్రపిండాలకు సోకితే కొద్ది వారాలలోనే అవి పూర్తిగా పనిమానివేయవచ్చు.

పైగా ఈ లక్షణాలలో చాలా భాగం క్షయకూ ఉన్నవి. జనగామలో గాని, మహబూబాబాద్‌లో గాని, భూపాలపల్లిలో గాని ఒక వ్యక్తికి జ్వరం విడవక, ఒళ్ళు తగ్గి, దగ్గితే రక్తం పడినదంటే ముందుగా తోచేది క్షయ. అట్లా తోచటం సహేతుకమే. మన దేశంలో క్షయ విస్తారంగా ఉన్నది, రక్తనాళాల వాపు బహు తక్కువ. ఊపిరితిత్తుల ఛాయాచిత్రంలో కనిపించే గుంటలు రెండింటిలోనూ ఒకేవిధంగా ఉండవచ్చు. అయితే చికిత్సలు వేరు. ఈ రెండింటినీ వేరుచేయటంలో ప్రయోగశాల ఎంతవరకు సహాయపడగలదు, ఎక్కడ తప్పుదారి పట్టించగలదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

కణం లోపలి ఆయుధాలు

రక్తంలోని తెల్లకణాలలో సగానికి మించి 'న్యూట్రోఫిల్' అనే జాతివి. క్రిములు చొరబడిన చోటికి మొదట పరుగెత్తేవి ఇవే. వీటి జీవపదార్థంలో చిన్నచిన్న రేణువులు ఉంటవి. ఆ రేణువులలో క్రిములను చంపే ఎంజైములు నిలవ ఉంటవి. వాటిలో రెండు మన విషయానికి ముఖ్యం. ఒకటి మైలోపెరాక్సిడేజ్. దీనికి ఆకుపచ్చని రంగు ఉన్నది. చీముకు ఉండే పచ్చని ఛాయ దీనివల్లనే వస్తుంది. రెండవది ప్రొటీనేజ్-3.

కొందరి శరీరంలో ఈ ఎంజైములకు వ్యతిరేకంగానే ప్రతిరక్షకాలు పుట్టుకొస్తవి. న్యూట్రోఫిల్ జీవపదార్థానికి వ్యతిరేకమైన ప్రతిరక్షకం అనే అర్థం వచ్చే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలను కలిపి వీటికి 'యాంకా' అని పేరు పెట్టారు.

కణం లోపల దాగిన ఎంజైమును బయట తిరిగే ప్రతిరక్షకం ఎట్లా అందుకొనగలదని విద్యార్థికి సందేహం కలుగవచ్చు. ఏదైనా అంటువల్లనో, మరొక కారణంవల్లనో న్యూట్రోఫిల్ ఉద్రేకం చెందినప్పుడు ఈ ఎంజైములు కొంత కణం పైపొరమీదికి వస్తవి. ప్రతిరక్షకం అక్కడ అంటుకుంటుంది. దానితో కణం మరింత రెచ్చిపోయి, రక్తనాళపు గోడకు అతుక్కొని, క్రిములపై ప్రయోగించవలసిన ఆయుధాలను ఆ గోడమీదనే కుమ్మరిస్తుంది. గోడ చిల్లులు పడుతుంది. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే కేశనాళికల గుచ్ఛాలు ఇట్లా దెబ్బతింటే ఎర్రకణాలు మూత్రంలోకి జారిపోతవి. ఊపిరితిత్తుల గాలితిత్తుల చుట్టూ ఉన్న నాళాలు దెబ్బతింటే దగ్గులో రక్తం పడుతుంది.

పరిశోధన నడచిన దారి

రక్తనాళాల గోడలు వాచే వ్యాధిని 1866లో జర్మనీలో కుస్మౌల్, మైయర్ అనే వైద్యులు విపులంగా వర్ణించారు. ముక్కును, ఊపిరితిత్తులను, మూత్రపిండాలను కలిపి పట్టే రూపాన్ని 1931లో క్లింగర్, 1936లోను 1939లోను వెగెనర్ వివరించారు. తగిన చికిత్స లేని ఆ రోజులలో ఈ వ్యాధి ఎంత దారుణమైనదో 1958లో వాల్టన్ ప్రకటించిన వ్యాసంవల్ల తెలుస్తుంది: రోగులు సగటున 5 నెలలు మాత్రమే బ్రతికారు, నూటికి 82 మంది ఏడాది లోపలే మరణించారు.

కారణం మాత్రం చాలాకాలం అంతుచిక్కలేదు. 1982లో ఆస్ట్రేలియాలో డేవిస్, ఆయన సహచరులు మూత్రపిండాల వాపు గల 8 మంది రోగుల రక్తంలో న్యూట్రోఫిల్‌లకు అంటుకునే ప్రతిరక్షకాలను కనుగొన్నారు. 1985లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డర్ వూడ్, ఆయన సహచరులు వెగెనర్ వర్ణించిన వ్యాధికీ ఈ ప్రతిరక్షకాలకూ గల సంబంధాన్ని వెల్లడించారు. 1988లో అమెరికాలో ఫాక్, జెనెట్ అనేవారు మైలోపెరాక్సిడేజ్ ఒక గురి అని చూపారు. ప్రొటీనేజ్-3 సంగతి కూడా కొద్దికాలంలోనే తేలింది. ఈ ప్రతిరక్షకాలు వ్యాధికి గుర్తు మాత్రమేనా, కారణం కూడానా అన్న ప్రశ్నకు 2002లో ఎలుకలపై జరిగిన ప్రయోగం సమాధానం చెప్పింది. మైలోపెరాక్సిడేజ్ వ్యతిరేక ప్రతిరక్షకాలను ఎక్కించిన ఎలుకలకు మూత్రపిండాల వాపు వచ్చింది.

పరీక్ష చేసే విధం

పరీక్షకు రెండు పద్ధతులు ఉన్నవి. మొదటిది ప్రతిదీప్తి పద్ధతి. ఆరోగ్యవంతుని న్యూట్రోఫిల్‌లను గాజుపలక మీద పరచి, ఇథైల్ ఆల్కహాలుతో స్థిరపరుస్తారు. రోగి రక్తరసిని, అనగా సీరంను, 20 రెట్లు పలచన చేసి వాటిపై పోస్తారు. ప్రతిరక్షకాలు ఉంటే కణాలకు అంటుకుంటవి. పలకను కడిగిన తరువాత, మానవ ప్రతిరక్షకాలను పట్టుకునే మరొక ప్రతిరక్షకాన్ని, మెరిసే రంగును తగిలించి, పోస్తారు. తిరిగి కడిగి ప్రత్యేకమైన సూక్ష్మదర్శినిలో చూస్తే, ప్రతిరక్షకాలు అంటుకున్న చోటు పచ్చగా వెలుగుతుంది. ప్రతిరక్షకాలకు మెరిసే రంగు తగిలించే ఈ ఉపాయం 1940ల తొలినాళ్ళలో ఆల్బర్ట్ కూన్స్ కనిపెట్టినది.

వెలుగు కణమంతటా రేణువులుగా కనిపిస్తే 'సి-యాంకా' అనీ, కేంద్రకం చుట్టూ చేరి కనిపిస్తే 'పి-యాంకా' అనీ అంటారు. మొదటిది సాధారణంగా ప్రొటీనేజ్-3కి, రెండవది మైలోపెరాక్సిడేజ్‌కు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలను సూచిస్తుంది. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. సజీవకణంలో మైలోపెరాక్సిడేజ్ కేంద్రకం దగ్గర ఉండదు. ఆల్కహాలు రేణువుల పొరలను కరగించినప్పుడు, ధనావేశం గల ఈ ఎంజైము ఋణావేశం గల కేంద్రకం వైపు ఆకర్షింపబడుతుంది. ఆల్కహాలుకు బదులు ఫార్మలిన్ వాడితే అది ఉన్నచోటనే ఉండిపోతుంది. కంటికి కనిపించేది ప్రకృతి చిత్రమా, పరీక్ష కల్పించిన చిత్రమా అని శాస్త్రజ్ఞుడు ఎల్లప్పుడూ ప్రశ్నించుకోవాలనటానికి ఇది మంచి ఉదాహరణ.

రెండవది 'ఎలైజా' మొదలైన పద్ధతులు. చిన్న గుంటల అడుగున శుద్ధిచేసిన ప్రొటీనేజ్-3ను గాని, మైలోపెరాక్సిడేజ్‌ను గాని పూసి, రోగి రక్తరసిని పోస్తారు. ప్రతిరక్షకం అంటుకుంటే చివరకు రంగు వస్తుంది. రంగు చిక్కదనాన్ని బట్టి పరిమాణం లెక్కగడతారు. 1999లో నిపుణులు మొదట ప్రతిదీప్తి పద్ధతి, తరువాత ఎలైజా చేయవలెనని సూచించారు. 2017లో ఆ సూచనను సవరించారు. నాణ్యమైన రెండవ పద్ధతినే మొదట చేయవచ్చునని తేల్చారు.

ఒక చిన్న లెక్క

పరీక్షలో 'ఉన్నది' అని వస్తే వ్యాధి ఉన్నట్లేనా? ఒక ఊహాలెక్క వేసి చూడవచ్చు. వ్యాధి ఉన్న ప్రతి 10 మందిలో 9 మందిని పరీక్ష పట్టుకుంటుందనీ, వ్యాధి లేని ప్రతి 100 మందిలో ఇద్దరికి పొరపాటున 'ఉన్నది' అని చెబుతుందనీ అనుకుందాం.

ఏ ఎంపికా లేకుండా 1,000 మందికి పరీక్ష చేశారనీ, వారిలో ఒక్కరికే వ్యాధి ఉన్నదనీ అనుకుంటే, ఆ ఒక్కరితోపాటు వ్యాధి లేని సుమారు 20 మందికి 'ఉన్నది' అని వస్తుంది. అనగా 21 కాగితాలలో నిజమైనది ఒక్కటే. అదే 1,000 మందిని మూత్రంలో రక్తం, దగ్గులో రక్తం వంటి లక్షణాలు చూచి ఎంపిక చేశారనీ, వారిలో 300 మందికి వ్యాధి ఉన్నదనీ అనుకుంటే, 270 మందికి నిజంగాను, 14 మందికి పొరపాటుగాను 'ఉన్నది' అని వస్తుంది. ఇప్పుడు నూటికి 95 కాగితాలు నిజం చెబుతున్నవి. పరీక్ష మారలేదు; ఎవరికి చేశారన్నదే మారింది.

పొరపాట్లకు స్పష్టమైన కారణాలు కూడా ఉన్నవి. క్షయలోను, గుండె కవాటాలకు క్రిములు పట్టినప్పుడు, మరికొన్ని దీర్ఘవ్యాధులలోను యాంకా కనిపించవచ్చు. థైరాయిడ్‌కు వాడే ప్రొపైల్‌థయోయురాసిల్, రక్తపోటుకు వాడే హైడ్రలజీన్ వంటి మందులవల్ల కూడా రావచ్చు. కనుక యాంకా ఉన్నంత మాత్రాన క్షయ లేదని చెప్పరాదు. అట్లాగే యాంకా లేనంత మాత్రాన రక్తనాళాల వాపు లేదనీ చెప్పరాదు. నిజంగా వ్యాధి ఉన్నవారిలోనూ కొందరి రక్తంలో ఇవి కనిపించవు. సందేహం తీరవలెనంటే మూత్రపిండం నుంచో, మరొక అవయవం నుంచో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడటమే నమ్మదగిన మార్గం.

ఊరిలో చూడవలసినది, దూరం పంపదగినది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలు ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాల కేంద్రాలైనవి. మహబూబాబాద్‌లో 2022లోను, మిగిలిన రెండు చోట్ల 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. 2021 జూన్‌లో జనగామ, మహబూబాబాద్‌లతో సహా పలు జిల్లా కేంద్రాలలో ప్రభుత్వం ఉచిత రోగనిర్ధారణ కేంద్రాలను తెరిచింది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలలో సేకరించిన నమూనాలను కేంద్ర ప్రయోగశాలకు చేర్చటం వాటి పద్ధతి.

యాంకా పరీక్షకు ఈ పద్ధతి బాగా సరిపోతుంది. రక్తం గడ్డకట్టిన తరువాత వేరుచేసిన రక్తరసిని చల్లగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచితే ప్రతిరక్షకాలు కొన్ని రోజులపాటు చెడవు. రోగి కదలకుండానే అతని రక్తరసి వరంగల్ గాని, హైదరాబాదు గాని ప్రయాణం చేయగలదు.

మూత్రం సంగతి అట్లా కాదు. మూత్రపిండపు గుచ్ఛాలు చిట్లినప్పుడు ఎర్రకణాలు గొట్టాలలో అచ్చుపోసినట్లు ముద్దకట్టి మూత్రంలో వస్తవి. ఈ అచ్చులు నిలవ ఉంచితే విచ్చిపోతవి. అందువల్ల తాజా మూత్రాన్ని ఉన్న ఊరిలోనే, సాధ్యమైనంత త్వరగా సూక్ష్మదర్శినిలో చూడవలెను. మూత్రంలో రక్తం, మాంసకృత్తులు ఉన్నవో లేవో తెలిపే కాగితపు పట్టీకి పట్టే సమయం ఒకటి రెండు నిమిషాలు మాత్రమే. దీనితోపాటు రక్తంలో క్రియాటినిన్ కొలవాలి. ఒక్కసారి కొలిచి ఊరుకోరాదు; మూత్రపిండాల పని సుమారు సగం తగ్గేవరకు ఆ అంకె అంతగా పెరగకపోవచ్చు. కొద్ది రోజుల తేడాలో రెండవసారి కొలిస్తేనే అది ఎక్కుతున్నదీ లేనిదీ తెలుస్తుంది.

కఫంలో క్షయక్రిమి దొరకకుండానే క్షయ మందులు వాడుతూ, గుణం కనిపించని రోగికి ఈ రెండు చౌక పరీక్షలు ఎంతో మేలు చేస్తవి. వాటిలో తేడా కనిపిస్తే యాంకాకు నమూనా పంపటం సార్థకం. రోగి వృత్తి కూడా వైద్యునికి చెప్పటం మంచిది. రాళ్ళు కొట్టేచోట, గనులలో లేచే సిలికా ధూళికీ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నట్లు పలు దేశాల పరిశీలనలలో కనిపించింది. బొగ్గుగనులు గల భూపాలపల్లి వంటి ప్రాంతంలో ఈ ప్రశ్న అడగటం వృథా కాదు.

చికిత్స

వాల్టన్ నాటి పరిస్థితి ఇప్పుడు లేదు. 1983లో ఫౌచీ, ఆయన సహచరులు కార్టికోస్టెరాయిడ్‌తో సైక్లోఫాస్ఫమైడ్ కలిపి వాడిన 85 మందిలో నూటికి 93 మందికి వ్యాధి పూర్తిగా అణగినట్లు ప్రకటించారు. 2010 నుంచి రిటుక్సిమాబ్ అనే మందు కూడా తోడైనది. అణగిన వ్యాధి తిరిగి తలయెత్తకుండా కొందరికి వాడే మెథోట్రెక్సేట్, భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన లెడర్లీ పరిశోధనశాలలో రూపొందిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేకుల కుటుంబంలోనిది.

అయితే ఈ మందులన్నీ శరీర రక్షణశక్తిని తగ్గించేవే. లోపల క్షయ దాగి ఉండగా వీటిని వాడితే అది విజృంభిస్తుంది. క్షయ కాని దానికి క్షయ మందులు వాడుతూ కాలం గడిపితే మూత్రపిండాలు పోతవి. రెండువైపులా ప్రమాదమే. అందుచేత యాంకా కాగితాన్ని తీర్పుగా కాక ఒక సాక్ష్యంగా మాత్రమే స్వీకరించాలి. రోగి చెప్పిన మాట, తాజా మూత్రం, క్రియాటినిన్, కఫపరీక్ష - ఈ సాక్ష్యాల సరసన నిలిపినప్పుడే దానికి విలువ. వీటిలో మొదటి సాక్ష్యాలన్నీ జిల్లా కేంద్రంలోనే, మొదటి రోజునే దొరకగలవు.