మంచము ప్రక్క గురువు

వరంగల్లున 1959లో వెలసిన కాకతీయ వైద్య కళాశాలకు మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలయే బోధనాలయము. 1997–98లో ప్రత్తి పంట చెడి, అప్పులపాలై ఈ జిల్లా రైతులనేకులు పురుగుమందు త్రాగిరి. అట్టివారు బ్రదికి బయటపడినపుడు, విషమునకు విరుగుడు చేసిన పిమ్మట మనస్సును విచారించు పని మిగులును.

శిక్షణలోనున్న యువ వైద్యుడు తడబడునది ఇచ్చటనే. “ఇంకను చావవలెనని తోచుచున్నదా?” అని అడుగ నోరు రాదు, అడిగినచో లేని తలపు పుట్టునేమోయని జంకు. అడిగినంత మాత్రమున అట్టి తలపు పుట్టదని పరిశోధనలు తేల్చినవి. ఈ సంగతి అతడు చదివియే యున్నాడు. అయినను మాట పెగలదు.

పర్యవేక్షించు ఆచార్యుని పని అక్కడ మొదలగును. “రోగి ఊరకున్నపుడు నీవేమి చేసితివి?” అని ఆయన అడుగును. మాట మార్చితినని శిష్యుడు చెప్పును. దానికి చీవాట్లు పెట్టినచో రేపటినుండి అతడు దాచును. ఆ దాపరికమునకు మూల్యము రోగి ప్రాణము. (మన పాఠశాలలలో నష్టము ఇంత త్వరగా కంటబడదు.) 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము క్లినికల్ సైకాలజిస్టునకు రెండేండ్ల చదువులో పర్యవేక్షిత శిక్షణ ఉండవలెనన్నది, ఆ పర్యవేక్షకుడు ఎట్లు వినవలెనో చట్టము చెప్పజాలదు.

మరునాడు ఇరువురును మంచము కడకు పోవుదురు. బంధువులను బయట కూర్చుండబెట్టి, ఆచార్యుడే ఒకమారు అడిగి చూపును. తరువాతి రోగిని శిష్యుడు అడుగును.