ఊపిరితిత్తులు మార్చిన పిమ్మట

మన రాజంపేట ప్రాంతమున ఒకరు పట్టణపు ఆసుపత్రిలో చేరినారనగానే, బంధువులు నలుగురు పండ్లు చేతబట్టుకొని రైలెక్కుదురు. చూడబోకుండుట తప్పని యెంచుదురు. ఈ మర్యాద మంచిదే. కాని యొక రోగి విషయమున దీనిని కొంతకాలము ఆపవలసియున్నది. అతడు ఊపిరితిత్తులు మార్పించుకొన్నవాడు.

ఊపిరితిత్తుల జబ్బనగానే పెద్దలకు మదనపల్లె చెంత ఆరోగ్యవరము జ్ఞప్తికి వచ్చును. 1912లో స్థాపితమైన ఆ క్షయ చికిత్సాలయమున విశ్రాంతి, మంచిగాలి, బలమైన ఆహారము, ఇవియే మొదటి రోజులలో ముఖ్యమైన మందులు. రోగి నెలల తరబడి పండుకొని యుండెడివాడు. మార్పిడి జరిగినవాని చికిత్స దీనికి విరుద్ధము. శ్వాసయంత్రము తీసిన కొలదికాలమునకే అతనిని కూర్చుండబెట్టుదురు. రొమ్మున గొట్టములుండగనే నడిపింతురు. చూచువారికి ఇది నిర్దయగా తోచును. కాని కదలక పండుకొన్నచో కఫము అడుగున నిలిచి చెరుపుచేయును.

ఇందొక చిత్రమున్నది. మార్పిడిలో శ్వాసనాళమును, రక్తనాళములను కుట్టుదురు. తెగిన నరములను కుట్టుట లేదు. అందుచే క్రొత్త ఊపిరితిత్తిలో కఫము చేరినను దగ్గు తనంతట రాదు. రోగి వేళ గుర్తుంచుకొని, కుట్ల నొప్పికి ఓర్చి, దగ్గవలెను. పసిబిడ్డకు నడక నేర్పినట్లు అతనికి దగ్గు నేర్పుదురు.

1963లో అమెరికాలో జేమ్సు హార్డీ అను వైద్యుడు తొలిసారి మనుష్యునికి ఊపిరితిత్తి మార్చగా, ఆ రోగి 18 దినములే బ్రతికెను. 1983లో కెనడాలోని టొరాంటో నగరమున జోయెల్ కూపర్ బృందము చేసిన మార్పిడి ఫలించి రోగి యేండ్ల తరబడి జీవించెను. శరీరము పరాయి అవయవమును శత్రువుగా నెంచి ఎదిరించును. ఆ యెదిరింపును అణచు మందులే ఇందుకు త్రోవ చేసినవి. టాక్రోలిమస్ వంటి ఈ మందులను జీవితాంతము వేళ తప్పక మ్రింగవలెను. కాని కావలివానిని నిద్రపుచ్చినప్పుడు దొంగకును దారి దొరకును గదా! మూత్రపిండము కడుపులో దాగియుండును. ఊపిరితిత్తి ప్రతి శ్వాసకును బయటిగాలిని తాకును. మనకు రెండు దినముల జలుబు అతనికి ప్రాణాంతకము కావచ్చును.

కావున తలుపువద్ద నర్సు అడ్డగించిన కోపగింపవలదు. మీరు ప్రేమతో గొనిపోవు పంపరపనస కూడ అతనికి నిషిద్ధమే. అది మందు మోతాదును రక్తమున తలక్రిందులు చేయును.

అంతయు సవ్యముగా జరిగినచో రెండు మూడు వారములకు ఆసుపత్రి విడువవచ్చును. ఆ పిమ్మటను మూడు నెలలు దాపునే బస చేయుమందురు. ప్రతిదినము చిన్న యంత్రములో ఊది శ్వాసబలము వ్రాసికొనవలెను. అది పదవ వంతు తగ్గినను వెంటనే వైద్యునికి తెలుపవలెను. ప్రపంచపు లెక్కలలో ఇట్టివారిలో సుమారు సగముమంది ఆరేండ్లకు పైబడి బ్రతుకుచున్నారు.

ఊరు చేరిన పిమ్మట అతనిని పేడదిబ్బ దగ్గరకును, వాము విప్పుచోటికిని పోనీయరాదు. ఆ దుమ్ములోని బూజు అతని ఊపిరితిత్తిలో మొలచును. ఈలోగా ఊరివారు చేయదగిన పని లేకపోలేదు: పట్టణములో వారి అద్దెకు చందా వేయుట, పశువులకు మేత చూచుట, చేనికి నీరు పెట్టించుట. క్షేమసమాచారము టెలిఫోనులో అడిగిన చాలును.